మా తమ్ముడికి చేతబడి అంటున్నారు, మాత్రలు ఆపేశారు: ఇంట్లోవాళ్ళను ఎలా ఒప్పించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. పుత్తూరు దగ్గర పల్లె. తమ్ముడికి 22 ఏళ్ళు, ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. నాలుగు నెలలుగా రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు, ఒంటరిగా గొణుక్కుంటున్నాడు, పక్కింటివాళ్ళు తన ఆలోచనలు వింటున్నారంటాడు, అన్నంలో ఏదో కలిపారని అమ్మ వండింది ముట్టుకోడు. తిరుపతిలో చూపించారు, డాక్టరు మాత్రలు రాశారు, పది రోజులు వేసుకున్నాడు. ఇంతలో మీ మేనమామ ఒక మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళారు. "గట్టు తగాదాలో దాయాదులు చేయించిన పని ఇది, 48 రోజుల మండలం చేయాలి, ఇంగ్లీషు మందు వాడితే నా మంత్రం పారదు" అన్నాడాయన. అమ్మ మాత్రలు ఆపేసింది. ఇది జబ్బేనని వీళ్ళను ఎలా నమ్మించాలి, నమ్మకపోతే తమ్ముణ్ణి తీసుకుని బెంగళూరు వచ్చేయాలా అని అడిగారు. చెల్లెలి పెళ్ళి సంగతి కూడా చివర్లో రాశారు.

సూటిగా చెబుతాను. ఇది జబ్బని నమ్మించే పని పెట్టుకోకండి. ఆగిన మాత్ర మళ్ళీ మొదలయ్యేట్టు చూడండి. ఈ రెండూ ఒకటే పని అనుకుని చాలామంది చదువుకున్న అన్నలు, అక్కలు ఇంట్లో నెలల తరబడి వాదన నడుపుతారు. ఆ నెలలన్నీ రోగి మందు లేకుండానే ఉంటాడు. మతిభ్రమ మొదలయ్యాక మందు పడకుండా గడిచిన కాలం ఎంత పెరిగితే తర్వాత కోలుకోవడం అంత కష్టమవుతుందన్నది మా వైద్యంలో గట్టిగా తేలిన విషయం. అమ్మ మనసులో చేతబడి ఉంటే ఉండనీయండి. తమ్ముణ్ణి తీసుకుని ఇల్లు వదిలి రావాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటి గురించి కింద చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇంకా అంతదాకా రాలేదు.

నేను తిరుపతిలో మానసిక వైద్యుణ్ణి. ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో, తర్వాత సొంత క్లినిక్‌లో చాలాకాలంగా ఇదే పని. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో ఎక్కువమంది అంతకుముందే ఎక్కడో ఒక చోట తాయెత్తు కట్టించుకుని వస్తారు. రోగి చేతికి తాడు ఉందా, మెడలో ఏముంది అని మొదట చూడటం నాకు అలవాటైపోయింది. దాన్ని విప్పమని మాత్రం చెప్పను.

ఇప్పుడు మీ మంత్రగాడు పెట్టిన గడువు చూడండి. 48 రోజులు, అంటే దాదాపు ఏడు వారాలు. ఇలాంటి లక్షణాలకు మేమిచ్చే రిస్పెరిడోన్, ఓలాంజపిన్ లాంటి మందులు నిద్రను మొదటి వారంలోనే కొంత కుదుట పరుస్తాయి. అనుమానాలు, చెవిలో మాటలు తగ్గడం మొదలుకావడానికి సాధారణంగా రెండు వారాలు పడుతుంది, పూర్తి ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. పది రోజులకే "మందు పని చేయలేదు" అన్నారంటే అసలు పరీక్షే జరగలేదన్నమాట. నాకు కావలసింది కూడా ఆ మండలమే. కాబట్టి మీరు బేరమాడాల్సింది అక్కడ: పూజ మండలం, మాత్ర మండలం, రెండూ ఒకే రోజు మొదలు.

మామతో మాట్లాడేటప్పుడు ఇంచుమించు ఇట్లా మాట్లాడండి. "మామా, పూజ వద్దని నేను అనడంలా. నువ్వు చెప్పిన మండలం పూర్తిగా చేద్దాం, ఖర్చులో నేనూ సగం పెట్టుకుంటా. అయితే వాడు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నువ్వే చూస్తా ఉండావు గదా. తిండి, నిద్ర లేని ఒంటికి ఏ పూజ చేసినా యాడ పడతాది? ఆ మాత్ర నిద్రకు, తలకు బలానికి. రెండూ నడిపిద్దాం. మండలం అయినాక ఏది ఉంచాలో ఏది తీయాలో కూర్చోని మాట్లాడుకుందాం."

ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఆ మాత్ర ముందు చేసే పని నిద్ర పట్టించడమే. మేనమామ పెద్దరికం కూడా ఎక్కడా తగ్గలేదు. మన ప్రాంతంలో అక్క ఇంటి వ్యవహారంలో మేనమామ మాటకు ఎంత బరువుంటుందో మీకు తెలుసు. అందరి ముందర ఆయన్ను తప్పుపడితే పంతం కోసమైనా మాత్ర ఆపుతాడు. వీలైతే ఈసారి డాక్టరు దగ్గరికి ఆయన్నే పిలుచుకెళ్ళండి. మాత్ర ఎన్ని పూటలు, ఎప్పుడు అనేది ఆయన చేతికే చెప్పించండి. మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళిన మనిషే మాత్రలు దగ్గరుండి వేయించిన ఇళ్ళు నేను ఎన్నో చూశాను. ఆయనకూ కావలసింది బిడ్డ బాగుపడటమే.

మరి "మందు వాడితే మంత్రం పారదు" అన్న మాట సంగతి? దాన్ని మంత్రగాడినే అడిగించండి. గౌరవంగా, "స్వామీ, మధ్యలో వాడికి ఏమైనా అయితే ఎవరు పూచీ? నిద్రమాత్ర వరకు ఒప్పుకోండి" అని అడిగితే చాలామంది తగ్గుతారు. రోగి బావిలో దూకితే పేరు పోయేది తమదేనని వాళ్ళకూ తెలుసు. అసలు ఒప్పుకోకపోతే అమ్మను గుడికి మళ్ళించండి. గుళ్ళో అర్చకుడు మందు మానేయమని చెప్పాడని నాతో ఇంతవరకు ఏ కుటుంబమూ అనలేదు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకుంటామంటే చేయించుకోండి. ఒక్క మాట, జనం తక్కువగా ఉండే రోజు చూసుకోండి. అందరూ తననే చూస్తున్నారనుకునే పిల్లవాడిని అంత రద్దీలో, మైకు మోతలో గంటలకొద్దీ నిలబెడితే అక్కడే కలవరపడతాడు.

మీ అమ్మకు చెప్పడానికి ఇంకొక మంచి ఉదాహరణ ఉంది. తమిళనాడులో తిరుచ్చి దగ్గర గుణశీలం అనే క్షేత్రం. మతి చలించినవాళ్ళను 48 రోజులు అక్కడ ఉంచడం పాత ఆచారం. అక్కడ ఇప్పుడు ప్రభుత్వ అనుమతితో మానసిక రోగుల పునరావాస కేంద్రం ఉంది, తీర్థంతో పాటు మానసిక వైద్యుడి మందూ అందుతుంది. అక్కడి దేవుడు ప్రసన్న వేంకటాచలపతి, అంటే మన కొండమీద స్వామే. ఆ స్వామి సన్నిధిలో మాత్ర తప్పు కానప్పుడు పుత్తూరులో ఎందుకవుతుంది?

ఒకటి మాత్రం చేయకండి: అన్నంలో మాత్ర కలిపి పెట్టడం. మీ తమ్ముడి అనుమానమే అది. ఒక్కసారి పట్టుబడితే అతని భ్రమ నిజమైపోతుంది, ఆ తర్వాత ఇంట్లో నీళ్ళు కూడా తాగడు. చెప్పే ఇవ్వండి. "జబ్బుకు" అంటే ఒప్పుకోకపోవచ్చు, నిద్ర లేక నలిగిపోతున్నాడు కాబట్టి "నిద్రకు" అంటే తీసుకోవచ్చు. మొదట పది రోజులు వేసుకున్నాడు కదా, అంటే అతనిలో ఎక్కడో ఒప్పుదల ఉంది. ససేమిరా అంటే డాక్టరుకు చెప్పండి, నోట్లో కరిగే మాత్రలు ఉన్నాయి, కొన్ని వారాలకొకసారి వేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి. ఏది నప్పుతుందో ఆయన చూసుకుంటారు.

ఇక ఇంట్లోవాళ్ళు చేతబడి అని ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటారో చెబుతాను, ఎందుకంటే అది తెలియకుండా మీరు నోరు విప్పితే మాట తగవుగా మారుతుంది. మూఢనమ్మకం, చదువులేనితనం అని తేల్చేయకండి. ఈ జబ్బులు ఎక్కువగా మొదలయ్యేది పదిహేడు పద్దెనిమిది నుంచి ముప్ఫై లోపు. అప్పటిదాకా బాగా చదువుకున్న, అందరితో నవ్విన బిడ్డ నెలల్లో వేరే మనిషి అయిపోతాడు. ఒంటి మీద గాయం లేదు, జ్వరం లేదు, రక్తపరీక్షలో ఏమీ లేదు. ఆ సమయంలో ఏ ఇంట్లోనైనా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది: గట్టు తగాదా, కొత్త ఇంటి పునాది, తీర్చని మొక్కు, తప్పిపోయిన సంబంధం. మనసు ఆ రెంటినీ ముడేస్తుంది.

పైగా చేతబడి అంటే తప్పు బయటివాళ్ళది. జబ్బు అంటే "మీ వంశంలో ఉందా" అని డాక్టరు అడిగే ప్రశ్న తల్లి గుండెలో గుచ్చుకుంటుంది. చేతబడిని తీసేయవచ్చు, తీసేశాక మచ్చ మిగలదు. జబ్బు పేరు ఊళ్ళో ఒకసారి పడితే పెళ్ళీడుకొచ్చిన ఆడపిల్ల ఉన్న ఇంటికి అది జన్మంతా మిగులుతుంది. మీ అమ్మ మాత్రలు ఆపింది తమ్ముడి మీద ప్రేమ లేక కాదు. మందుల చీటీ ఎవరి కంటైనా పడుతుందేమోనన్న భయం కూడా అందులో ఉండి ఉంటుంది. ఆ భయం గురించి ఒంటరిగా కూర్చుని అమ్మతో మాట్లాడండి, చేతబడి గురించి కాదు.

మా వైపు లోపమూ ఉంది. ఓపీలో వంద మంది ఉన్నప్పుడు ఒక్కో కుటుంబానికి దొరికేది నాలుగైదు నిమిషాలు. మంత్రగాడు గంటసేపు కూర్చుంటాడు, అవ్వ పేరు నుంచి మొదలుపెట్టి అందరినీ పలకరిస్తాడు, ఎప్పుడు తగ్గుతుందో తేదీతో సహా చెబుతాడు. మేమేమో "చూద్దాం" అంటాం. ఏ తల్లికైనా ఎవరి మాట నచ్చుతుంది?

ఇంకొక చిక్కుముడి ఉంది. రోగే స్వయంగా "నాకేదో చేశారు" అంటాడు. ఇంట్లోవాళ్ళు దాన్ని సాక్ష్యంగా తీసుకుంటారు: "వాడే చెప్తా ఉండాడు గదా సార్, ఇంకేం కావాలి?" భ్రమకు రూపం ఇచ్చేది మనం పెరిగిన చోటే. చిత్తూరు పల్లెలో పెరిగినవాడికి దాయాది చేసిన ప్రయోగం కనిపిస్తే, సాఫ్ట్‌వేర్ కుర్రాడికి తన ఫోన్లో ఎవరో పెట్టిన నిఘా కనిపిస్తుంది. పైరూపం వేరు, లోపల జరిగేది ఒకటే. మరి ఊరంతా చేతబడిని నమ్ముతుంది కదా, అందరికీ జబ్బేనా? కాదు. మీ మామ కూడా నమ్ముతాడు. కానీ నమ్ముతూనే పొలానికి పోతాడు, వేళకు తింటాడు, రాత్రి నిద్రపోతాడు, "ఏమో, కాకపోయినా కాకపోవచ్చు" అని ఎప్పుడో ఒకప్పుడు అంటాడు. మీ తమ్ముడు తినడం మానేశాడు, నిద్ర మానేశాడు, ఎదురు చెప్పిన ప్రతివాడూ కుట్రలో భాగమైపోయాడు. నేను తేడా చూసేది అక్కడ.

పూజలతో తగ్గినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, మీ మామ చెప్పే ఉదాహరణలన్నీ కల్పితాలు కాకపోవచ్చు. కొన్ని మతిభ్రమలు హఠాత్తుగా వచ్చి వారాల్లో వాటంతట అవే పోతాయి. ఉన్మాదం ఎక్కి దిగే జబ్బులో ఒక విడత కొన్ని నెలలకు దానంతట అదే ముగుస్తుంది. ఆ దిగే సమయంలో ఎవరి దగ్గర ఉంటే వాళ్ళకు పేరొస్తుంది. గుడి వాతావరణం కూడా ఊరికే పోదు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశీలన వచ్చింది. తమిళనాడులోని ఒక పల్లె గుడిలో ఆశ్రయం తీసుకున్న 31 మంది రోగులను చూశారు. సగటున ఆరు వారాలు ఉన్నారు, మందుల్లేవు, ప్రత్యేక కర్మకాండ కూడా లేదు, గుడి పనుల్లో పాలుపంచుకుంటూ ఉన్నారంతే. వాళ్ళ లక్షణాల తీవ్రత సుమారు 20 శాతం తగ్గింది. నేను ఆ మాటను కొట్టిపారేయను. తిట్టని మనుషులు, వేళకు భోజనం, చేతికి చిన్న పని, ఇవి మందే. అయితే 20 శాతంతో మీ తమ్ముడు చదువుకు తిరిగి వెళ్ళలేడు.

పూనకాన్ని దీంతో కలపవద్దు. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వస్తే ఒంటి మీదికి అమ్మవారు వచ్చినవాళ్ళను ఎంతమందినైనా చూడవచ్చు. డప్పు ఆగి, పసుపు నీళ్ళు పోస్తే దిగిపోతుంది, మర్నాడు అంగడి తెరుచుకుంటారు. అది రోగం కాదు, నేను మందివ్వను. అదే పూనకం వేళాపాళా లేకుండా ఇంట్లో వస్తుంటే వేరే కథ ఉంటుంది. చంద్రగిరి వైపు నుంచి ఒక కొత్త కోడల్ని తీసుకొచ్చారు. శుక్రవారమైతే చాలు ఒళ్ళు ఊగేది, అత్తను ఏకవచనంతో పిలిచేది. మామూలు రోజుల్లో ఆ ఇంట్లో ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదు. మాత్ర రాయలేదు. భర్తను, అత్తను విడివిడిగా కూర్చోబెట్టి చాలాసార్లు మాట్లాడాల్సి వచ్చింది. ఆ అమ్మాయి పుట్టింటికి ఫోను చేసుకునే స్వేచ్ఛ వచ్చాక శుక్రవారాలు మామూలైపోయాయి. ఇలాంటి వాటికి భూతవైద్యం పనిచేసినట్టు కనిపించడంలో వింత లేదు, ఇల్లంతా ఆ పిల్ల చుట్టూ కూర్చునేది అప్పుడే కాబట్టి.

ఇప్పుడు మీరు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన భాగం. మందుల వల్ల వచ్చే కొన్ని ఇబ్బందులు చూడటానికి అచ్చం దయ్యం పట్టినట్టే ఉంటాయి. హాలోపెరిడాల్ లాంటి మందులు మొదలుపెట్టిన తొలి రోజుల్లో, ముఖ్యంగా కుర్రవాళ్ళలో, మెడ ఒక పక్కకు తిరిగిపోవచ్చు, కనుగుడ్లు పైకి పోయి నిలిచిపోవచ్చు, నాలుక బయటికి తోసుకురావచ్చు. ఒక రాత్రి వేపమండలతో కొడుతూ ఒక అబ్బాయిని ఆటోలో తెచ్చారు, "మాత్ర పడేసరికి లోపలున్నది తిరగబడింది" అన్నారు. అది కండరాలు పట్టేయడం. ఒక్క ఇంజెక్షన్‌తో అరగంటలో మెడ సర్దుకుంది. మీకు అలా జరిగితే మాత్ర విసిరేయకుండా దగ్గరి ఆసుపత్రికి వెళ్ళి ఏ మందు వాడుతున్నారో చీటీ చూపించండి. ఓలాంజపిన్ లాంటి వాటితో ఇది తక్కువ, కానీ ఒళ్ళు పెరుగుతుంది, షుగర్ చూసుకుంటూ ఉండాలి.

దీనికంటే ప్రమాదం లిథియం వాడేవాళ్ళకు, అంటే ఉన్మాదం ఎక్కి దిగే జబ్బుకు ఇచ్చే మందు. మంత్రగాళ్ళు మండలంలో ఉప్పు లేని పత్యం, ఉపవాసం పెడుతుంటారు. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే లిథియం బయటికి పోకుండా రక్తంలో పేరుకుంటుంది. పీలేరు నుంచి ఒకావిడ అలాగే వచ్చింది: చేతులు వణుకు, వాంతులు, తూలుతూ నడక, మాట ముద్దగా. ఇంట్లోవాళ్ళు గాలి పోతూ పోతూ కుదిపేస్తోంది అనుకున్నారు. ఇంకొక రోజు ఆగి ఉంటే ప్రాణం మీదికి వచ్చేది. మీ తమ్ముడి చీటీలో లిథియం ఉందేమో చూడండి. ఉంటే ఉప్పు మాన్పించే పత్యం ఎవరు చెప్పినా కుదరదని చెప్పేయండి.

"మందు పెట్టారు, కక్కించాలి" అని పసర్లు తాగించే చోటికి అసలు తీసుకెళ్ళకండి. పసరులో ఉమ్మెత్త ఉంటే అది మతిని మరింత చెదరగొడుతుంది, లేనివి కనిపిస్తాయి, గుండె దడ పెరుగుతుంది. అప్పుడు ఏది జబ్బో ఏది పసరో మాకూ తేల్చడం కష్టం.

గాలి అనుకున్నవన్నీ నా శాఖలోకి వచ్చేవి కూడా కావు. బాలింత మొదటి రెండు వారాల్లో నిద్ర మానేసి, బిడ్డ తనది కాదని, ఎవరో మార్చారని అంటుంటే అది బాలింతల మతిభ్రమ. వెయ్యి కాన్పులకు ఒకరిద్దరిలో వస్తుంది, తల్లికీ బిడ్డకూ ప్రమాదం, అదే రోజు ఆసుపత్రిలో చేర్చాలి. బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదనే పాత అలవాటు కొన్నిళ్ళలో ఇంకా ఉంది. దానివల్ల మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టి తలనొప్పి, ఫిట్స్, కలవరం రావచ్చు. దానికి నా దగ్గరికి కాదు, నరాల డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. 2007లో గుర్తించిన ఒక రకం మెదడువాపు ఉంది, ఒంట్లోని రక్షణ వ్యవస్థే మెదడు మీద పడటం వల్ల వస్తుంది, వయసులో ఉన్న ఆడపిల్లల్లో ఎక్కువ. విపరీతపు మాటలతో మొదలై రోజుల్లో ఫిట్స్, మూతి వంకర కదలికలు వస్తాయి. అందుకే జ్వరం, ఫిట్స్, స్పృహ తగ్గడం ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ముందు పెద్దాసుపత్రి. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు. అయినా థైరాయిడ్ పరీక్ష ఒకటి చేయించారా? గంజాయి అలవాటు ఉందేమో స్నేహితులను మెల్లగా కనుక్కున్నారా? కాలేజీ కుర్రాడి విషయంలో అది అడగకుండా ముందుకు పోను.

ఇక బేరం లేని చోట్లు. కట్టేయడం, కొట్టడం, వాతలు పెట్టడం, మిరపకాయల పొగ, నీళ్ళు ఆపడం: వీటిలో ఏ ఒక్కటి మొదలైనా మీ తమ్ముణ్ణి ఆ రోజే అక్కడి నుంచి తీసుకొచ్చేయండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా చుట్టూ నడిచే ఆశ్రమాల్లో ఒకదానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది రోగులు కాలి చనిపోయారు. వాళ్ళనూ బాగుపడతారన్న ఆశతోనే ఇంటివాళ్ళు అక్కడ వదిలారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదంటుంది. ఇంట్లో రోగిని హింసిస్తున్నారని తెలిస్తే మీలాంటివాళ్ళు పోలీసులకు తెలియజేయాలి, మేజిస్ట్రేటుకు తెలియజేయడం పోలీసుల బాధ్యత. మామతో మాట్లాడేటప్పుడు చట్టం పేరు తీయకండి, మంత్రగాడితో తీయవలసి వస్తే తీయండి.

రెండో గీత, "ఎవరు చేశారు" అన్న ప్రశ్న. మంత్రగాడు పేరు చెప్పడు, "మీ ఇంటికి తూర్పున ఉండే ఒంటరి ఆడమనిషి" అని వదిలేస్తాడు. ఆ ఆనవాలు పట్టుకుని జరిగిన దాడులు మన జిల్లాల్లోనూ పత్రికల్లో చదివాం. మీ ఇంట్లో గట్టు తగాదా ఎలాగూ ఉంది. పూజకు డబ్బివ్వండి, పేరు చెప్పించుకోవడానికి మాత్రం ఒప్పుకోకండి. "మాకు బిడ్డ బాగుపడితే చాలు, ఎవరో మాకు వద్దు" అని మామ నోట అనిపించండి.

మూడోది ఆగలేని సందర్భం. చచ్చిపోతానంటున్నా, కత్తి పట్టుకున్నా, రెండు రోజులుగా నీళ్ళు కూడా ముట్టకపోయినా, ఎవరి నమ్మకంతోనూ పని లేదు. 108కి ఫోను చేసి తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి, అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. అంతదాకా రాకముందు సలహా కోసమైతే 14416, టెలీ మానస్ అనే ఫోను సేవ. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఉచిత సేవ, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. ఊళ్ళో తెలుస్తుందన్న భయం ఉన్న అమ్మకు మొదటి మెట్టుగా ఇదే మేలు, తలుపు వేసుకుని మాట్లాడవచ్చు. చిత్తూరు వైపు వాళ్ళకైతే తిరుపతి కంటే వేలూరు దగ్గర. అక్కడ సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వాళ్ళ మానసిక వైద్య కేంద్రం బాగాయంలో ఉంది, రోగితో పాటు ఇంటి మనిషిని కూడా ఉంచుకునే పద్ధతి వాళ్ళది. మామ వెంట ఉండి రోజూ చూస్తే మారే మనిషి అనిపిస్తే అది ఆలోచించండి.

బెంగళూరు తీసుకెళ్ళడం ఎందుకు వద్దన్నానంటే, మీరు ఆఫీసుకు వెళ్ళాక అతను నాలుగు గోడల మధ్య ఒంటరి. ఇంకో కారణం ఇంటి గురించి. 2021 జనవరిలో మదనపల్లెలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. బాగా చదువుకున్న తల్లిదండ్రులే తమ ఇద్దరు కూతుళ్ళను చంపారని కేసు, వాళ్ళు మళ్ళీ బతికి వస్తారని ఆ దంపతులు అన్నట్టు అప్పటి వార్తల్లో వచ్చింది. ఆ కేసు మీద తీర్పు చెప్పడం నా పని కాదు. ఒకే నమ్మకంలోకి ఇల్లు మొత్తం జారిపోయి, బయట నుంచి వచ్చిపోయే మనిషి లేకపోవడం ఎంత ప్రమాదమో చెప్పడానికే ఎత్తాను. మీ ఇంట్లో ఆ మనిషి మీరు. వారానికొకసారైనా ఊరికి వచ్చి వెళ్ళండి, మాత్రల అట్ట చూడండి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి.

మండలం పూర్తయ్యేసరికి బాగుపడితే ఘనత మంత్రగాడికే పోతుంది. పోనివ్వండి. గంగాధరనెల్లూరు వైపు ఒక రైతు ప్రతి నెలా కొడుకును తీసుకొచ్చి మాత్రలు రాయించుకుంటూ "అంతా స్వామి దయ సార్" అని నా మొహం మీదే అంటాడు. నాకు అంతకంటే మంచి రోగి కుటుంబం లేదు. కానీ రెండో బేరం అప్పుడే ఉంటుంది, ఎందుకంటే "తగ్గింది కదా" అని రెండూ ఆపేస్తారు. ఇది మొదటి విడత కాబట్టి తగ్గాక కూడా కనీసం ఏడాది, తరచుగా అంతకంటే ఎక్కువే మందు కొనసాగించమంటాం. ఆపితే చాలామందిలో వెంటనే ఏమీ కాదు, నెలల తర్వాత తిరగబెడుతుంది. ఆ ఆలస్యం వల్లే ఇంట్లోవాళ్ళకు మాత్రకూ జబ్బుకూ లంకె కనిపించదు, "మళ్ళీ చేయించారు" అంటారు. మండలం చివరి రోజున, అందరూ సంతోషంగా ఉన్నప్పుడే, "ఇంకో ఏడాది రక్షగా వేయిద్దాం" అని మాట తీసుకోండి.

చెల్లెలి పెళ్ళి. నాలుగు నెలల లక్షణాలకే నేను స్కిజోఫ్రీనియా (దీర్ఘకాలం ఉండే మతిభ్రమ జబ్బు) అని పేరు పెట్టను, మీ డాక్టరు కూడా పెట్టి ఉండకపోవచ్చు. ఒకవేళ అదే అయినా, తోబుట్టువుకు వచ్చే అవకాశం 100లో సుమారు 9. మామూలు జనంలో 100లో ఒకటి. అంటే 100లో 90 మందికి పైగా తోబుట్టువులకు రాదు. అమ్మకు ఈ లెక్కే చెప్పండి. సంబంధం వాళ్ళకు చెప్పాలా అన్నారు. ఊరంతా తిప్పి చెప్పక్కర్లేదు, నిశ్చయమయ్యేలోపు అబ్బాయికి, అతని తల్లిదండ్రులకు మాత్రం చెప్పండి: తమ్ముడికి మనసు బాగుండక వైద్యం జరుగుతోంది, మందు వాడుతున్నాడు అని. దాచి చేసిన పెళ్ళిళ్ళలో గొడవలు విని విని చెబుతున్నాను, వాళ్ళకు కోపం జబ్బు మీద కాదు, దాచినందుకు. ఇంకొకటి, "తమ్ముడికి పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు" అని ఎవరో ఒకరు త్వరలోనే అంటారు. ఆ మాట ఎత్తినప్పుడు మాత్రం మీరు మెత్తబడకండి. ఏడాది పాటు బాగుండి, తన జబ్బు సంగతి తానే ఎదుటివాళ్ళకు చెప్పగలిగిననాడు ఆ ఆలోచన చేయవచ్చు.